డబుల్సే కదా!

వింబుల్డన్ విజేతల జాబితాలో మన హైదరాబాద్ అమ్మాయి పేరు ఉంది. ఈ మాట ఆఫీసులో ఎప్పుడన్నా ఎవరో ఒకరు "డబుల్సే కదా" అంటారు. కోపంగా కాదు, వెటకారంగా కూడా కాదు. ఎక్సెల్ షీట్‌లో తప్పు అంకె దిద్దినట్టు అంటారు. ఈ వారం కాలమ్ ఆ రెండు మాటల మీదే.

ముందు లెక్క ఒప్పుకుందాం. వింబుల్డన్ పెద్దల పోటీల్లో మనవాళ్లు గెలిచిన టైటిల్స్ అన్నీ డబుల్సే. లియాండర్ పేస్‌వి ఐదు, మహేశ్ భూపతివి మూడు, సానియా మీర్జాది ఒకటి. 1999 పురుషుల డబుల్స్ పేస్, భూపతి కలిసి గెలిచారు కాబట్టి అది ఇద్దరి ఖాతాలోనూ పడింది. సింగిల్స్‌లో మన స్కోరు సున్నా. అంటే "డబుల్సే కదా" అని పక్కన పెట్టేస్తే, ఇన్నేళ్ల వింబుల్డన్‌లో మనకు మిగిలేది పిల్లల పోటీలు మాత్రమే. అందుకే ఆ మాటను అంత తేలిగ్గా వదలబుద్ధి కాదు.

అసలు ఈ పోటీ ఎట్లా మొదలైందో చూస్తే నవ్వొస్తుంది. 1877లో లండన్ శివార్లలోని ఒక క్లబ్బుకు గడ్డి చదును చేసే రోలర్ పాడైంది. గుర్రం లాగే రోలర్ అది. బాగు చేయించడానికి డబ్బుల్లేవు. మన దగ్గరైతే ఇంటికింత అని చందా వేసుకుంటాం. వాళ్లు టోర్నమెంట్ పెట్టారు. ఎంట్రీ ఫీజు ఒక గినీ. 22 మంది పేర్లిచ్చారు. ఫైనల్ చూడటానికి తలా ఒక షిల్లింగ్ ఇచ్చి దాదాపు 200 మంది వచ్చారు. స్పెన్సర్ గోర్ అనే ఆయన విలియం మార్షల్‌ను 6-1, 6-2, 6-4తో ఓడించి మొదటి ఛాంపియన్ అయ్యాడు. ఆ క్లబ్బు మొదట పెట్టింది టెన్నిస్ కోసం కూడా కాదు, క్రోకే అనే ఇంకో ఆట కోసం. ప్రపంచంలోకెల్లా పాత టెన్నిస్ టోర్నమెంట్ ఒక రిపేరు ఖర్చు కోసం పుట్టిందన్నమాట.

ఆ తర్వాతి చరిత్రను చాలామంది ఛాంపియన్ల పేర్లతో చెప్తారు. ఫెడరర్ 8, జకోవిచ్ 7, నవ్రతిలోవా 9 అని. నాకు మాత్రం అది తలుపుల చరిత్ర లాగా కనిపిస్తుంది. ఏ తలుపు ఎప్పుడు తెరిచారు, ఎవరి కోసం తెరిచారు అన్నదే అందులో అసలు కథ.

మొదటి ఏడేళ్లు ఆడవాళ్లకు ప్రవేశమే లేదు. 1884లో మహిళల సింగిల్స్ పెట్టారు. వచ్చింది 13 మంది. ఫైనల్ అక్కాచెల్లెళ్ల మధ్యే జరిగింది. మాడ్ వాట్సన్ తన అక్క లిలియన్‌ను ఓడించింది. పురుషుల డబుల్స్ కూడా వింబుల్డన్‌లో ఆ ఏడాదే మొదలైంది. మహిళల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ అధికారిక పోటీలు కావడానికి మాత్రం 1913 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంకో తలుపు డబ్బుది. ఆట ఆడి డబ్బు తీసుకునేవాడికి 1967 దాకా వింబుల్డన్ ఛాంపియన్‌షిప్‌లో చోటు లేదు. వినడానికి ఈ నియమం ఎంతో పవిత్రంగా ఉంటుంది. ఇంట్లో ఆస్తి ఉన్నవాడు జీవితమంతా డబ్బు తీసుకోకుండా ఆడగలడు. లేనివాడు ఎట్లా ఆడాలి? రాడ్ లేవర్ 1961, 1962ల్లో వరుసగా గెలిచి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ వెంటనే తలుపు మూసేశారు. ఐదేళ్లు ఆయన ఆ టోర్నమెంట్ ఆడలేదు. 1968లో నియమం మారింది. లేవర్ తిరిగొచ్చి ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ గెలిచాడు. 1968లో పురుషుల విజేతకు 2,000 పౌండ్లు ఇచ్చారు, మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750 ఇచ్చారు. ఆ రెండు అంకెలు సమానం కావడానికి 2007 దాకా పట్టింది.

ఇప్పుడు డబుల్స్ దగ్గరికొద్దాం. వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి అల్తియా గిబ్సన్. ఆమె పేరు చెప్తే అందరూ 1957 సింగిల్స్ గుర్తు చేస్తారు. కానీ ఆమె అక్కడ మొదట గెలిచింది 1956లో, అదీ డబుల్స్. జోడీ ఏంజెలా బక్స్‌టన్ అనే యూదు అమ్మాయి. ఒకరికి రంగు అడ్డం, ఇంకొకరికి మతం అడ్డం. ఇద్దరూ కలిసి ఒకే వైపు నిలబడి కప్పు తీసుకున్నారు. గిబ్సన్ అంతకు కొన్ని నెలల ముందే అమెరికా ప్రభుత్వం పంపిన గుడ్‌విల్ టూర్‌లో మన దేశం వచ్చి ఆడి వెళ్లింది. 1957, 1958 సింగిల్స్ ఆ తర్వాత వచ్చాయి. ముందు తెరుచుకున్న తలుపు డబుల్స్‌దే.

ఇంకో లెక్క. వింబుల్డన్‌లో అందరికంటే ఎక్కువ టైటిల్స్ ఎవరివి? ఇద్దరివి. బిల్లీ జీన్ కింగ్, మార్టినా నవ్రతిలోవా చెరో 20. కింగ్ గెలిచిన 20లో సింగిల్స్ 6 మాత్రమే. మిగతా 14 డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్. నవ్రతిలోవావి సింగిల్స్ 9, మిగతావి 11. ఆమె 20వ టైటిల్ 2003లో మిక్స్‌డ్ డబుల్స్‌లో వచ్చింది. అప్పటికి వయసు 46. పక్కన నిలబడి ఆడింది మన లియాండర్ పేస్. డబుల్స్‌ను లెక్కలోంచి తీసేస్తే ఈ ఇద్దరి రికార్డు కూడా పోతుంది. ఆ పని ఎవరూ చెయ్యరు. మన వాళ్ల దగ్గరికొచ్చేసరికే ఆ ఫిల్టర్ పెడతాం.

సింగిల్స్‌లో మనవాళ్లు ప్రయత్నించలేదా అంటే, గట్టిగానే ప్రయత్నించారు. 1934లోనే లీలా రావు వింబుల్డన్‌లో మ్యాచ్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. 1939లో గౌస్ మహమ్మద్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లి బాబీ రిగ్స్ చేతిలో ఓడాడు. రామనాథన్ కృష్ణన్ 1954లో బాలుర సింగిల్స్ గెలిచి, 1960, 1961ల్లో పెద్దల సెమీఫైనల్ చేరాడు. మొదటిసారి నీల్ ఫ్రేజర్, రెండోసారి లేవర్ ఆపారు. ఒక విషయం చూడండి. రిగ్స్, ఫ్రేజర్, లేవర్ ముగ్గురూ ఆయా సంవత్సరాల ఛాంపియన్లు. మనవాళ్లను ఆపడానికి ప్రతిసారీ ఛాంపియనే రావాల్సి వచ్చింది.

ఇక హైదరాబాద్. సానియా ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టినప్పుడు ఆడింది పేడ కోర్టుల మీద. ఆవు పేడతో అలికిన నేల. ఈ సంగతి ఆమే చాలాసార్లు చెప్పింది. దక్షిణాదిలో అప్పట్లో అట్లాంటి కోర్టులు మామూలే. నాలాంటి పల్లె మనిషికి ఇది బాగా నచ్చే విషయం. మాది నల్లమల మీది అమ్రాబాద్. మన్ననూరు దాటి లోపలికి పోవాలి. మా నానమ్మ పొద్దున్నే వాకిలి అలికి ముగ్గు పెట్టేది. అలికిన నేల దుమ్ము లేవదు, గట్టిగా ఉంటుంది, ఎండకు పగిలితే మళ్లీ అలుక్కోవచ్చు. ఖర్చు లేదు. అట్లాంటి నేల మీద ఆట నేర్చుకున్న పిల్ల చివరికి వెళ్లి ఆడింది ఎక్కడ? కచ్చితంగా 8 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన రై గడ్డి మీద.

2003లో, అంటే నవ్రతిలోవా, పేస్ గెలిచిన ఏడాదే, 16 ఏళ్ల సానియా రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. అది గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. 2007లో సింగిల్స్ ర్యాంకు 27 దాకా వచ్చింది. "డబుల్సే కదా" అనేవాళ్లు ఈ 27ను మర్చిపోతారు. ఆ ర్యాంకుకు దగ్గరగా మన దేశపు ఇంకో అమ్మాయి ఇప్పటిదాకా రాలేదు. 2008లో కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. ఆమె ఆటలో సగం బలం ఫోర్‌హ్యాండ్, ఆ ఫోర్‌హ్యాండ్ ఉన్నదే ఆ చేతిలో. మోకాళ్లు కూడా మొరాయించాయి. 2013కల్లా సింగిల్స్ వదిలేసింది.

చాలామంది దీన్ని దిగిపోవడం అనుకున్నారు. నిజానికి డబుల్స్ వేరే ఆట. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కు 36. తొమ్మిది అడుగులు పెరిగితే మనుషులు రెట్టింపవుతారు. బంతి నెట్ దగ్గరే గాల్లో తిరుగుతుంటుంది, ఆలోచించే టైమ్ సగమవుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు మధ్యలో పడే బంతి. అది నీదా, నాదా? ఇద్దరూ కొడితే రాకెట్లు గుద్దుకుంటాయి, ఇద్దరూ వదిలేస్తే పాయింట్ పోతుంది. మా పనిలో ఇద్దరు కలిసి ఒకే కోడ్ రాసే పద్ధతి ఉంది. చేసినవాళ్లకు తెలుసు, అందులో తెలివి కంటే నమ్మకం ఎక్కువ కావాలి.

2015 మార్చిలో సానియాకు మార్టినా హింగిస్ జోడీ అయింది. హింగిస్ వింబుల్డన్‌లో చివరిసారి డబుల్స్ గెలిచింది 1998లో. సానియా కుడివైపు నిలబడి ఫోర్‌హ్యాండ్‌తో బాదేది. హింగిస్ ఎడమవైపు బ్యాక్‌హ్యాండ్, నెట్ చూసుకునేది. ఒకరి లోటు ఇంకొకరి బలం దగ్గర పూడిపోయేది. వరుసగా మూడు టోర్నమెంట్లు గెలిచారు. ఏప్రిల్‌లో సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మన దేశం నుంచి ఆ స్థానానికి వెళ్లిన మొదటి మహిళ.

జూలై 11న వింబుల్డన్ ఫైనల్. అప్పుడు నాకు ఎంసెట్ కౌన్సెలింగ్ నడుస్తోంది. ఏ కాలేజీ వస్తుందో తెలియని టెన్షన్‌లో ఫోన్‌లో స్కోరు చూస్తూ కూర్చున్నా. అవతల మకరోవా, వెస్నినా. వెస్నినా ఎవరో కాదు, 2011లో సానియాతో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడిన అమ్మాయే. మొదటి సెట్ 5-7తో పోయింది. రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్‌లో 2-5. అంటే అవతలివాళ్లకు ఇంకొక్క గేమ్ చాలు. అక్కడి నుంచి వరుసగా మూడు గేమ్‌లు తీసుకొని 5-5 చేశారు. చీకటి పడుతోందని ఆట ఆపి, పైకప్పు మూసి, లైట్లు వేశారు. మళ్లీ వచ్చి మిగతా రెండు గేమ్‌లు కూడా గెలిచారు. 7-5. ఒక్క గేమ్ కూడా వదలకుండా ఐదు. ఆ ఏడాది మిక్స్‌డ్ పేస్, హింగిస్ గెలిచారు. బాలుర డబుల్స్ మన సుమిత్ నాగల్, వియత్నాం కుర్రాడితో కలిసి గెలిచాడు. ఒకే వింబుల్డన్‌లో మనవాళ్లు మూడు కప్పులు అందుకున్నారు. మూడూ జోడీగా వచ్చినవే.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ఏడాది సింగిల్స్ విజేతకు 18 లక్షల 80 వేల పౌండ్లు. మహిళల డబుల్స్‌లో ఇద్దరికీ కలిపి 3 లక్షల 40 వేలు. అంటే మనిషికి సింగిల్స్ విజేత వాటాలో పదకొండో వంతు కూడా లేదు. టోర్నమెంటే అట్లా వెల కట్టినప్పుడు మన కొలీగ్ అట్లా అనడంలో వింతేముంది? లెక్కలోకి తీసుకోకపోవడానికి జనం ఇంకా చాలా కారణాలు వెతికారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం సానియాను బ్రాండ్ అంబాసిడర్‌ను చేసి కోటి రూపాయలు ఇచ్చినప్పుడు, "పాకిస్తాన్ కోడలు" మనకు అంబాసిడర్ ఏమిటని ఒక నాయకుడు అడిగాడు. ఇక్కడే పెరిగి, ఇక్కడి కోర్టుల్లోనే ఆట నేర్చుకున్న మనిషిని ఆ మాట అన్నారు.

ఈ గొడవ అంతటికీ సరైన జవాబు నాకు మా అక్క బిడ్డ దగ్గర దొరికింది. ఏడో తరగతి చదువుతోంది, గురుకులంలో ఖోఖో ఆడుతుంది. మొన్న ఎండాకాలం సెలవుల్లో ఈ కథ అంతా చెప్పాను. విన్నాక అడిగింది.

"అయితే మామా, ఆమె ఒక్కతే గెల్వలేదా?"

"లేదు బిడ్డా. ఇద్దరు కలిసి గెలిచిన్రు."

"గది మంచిదే కదా. మా ఖోఖోల తొమ్మిది మందిమి కలిసి గెలుస్తం."

ఆ పిల్లకు గెలుపును పంచుకుంటే అది తగ్గుతుందన్న ఆలోచనే లేదు. మన పల్లె ఆటలు చూడండి, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అన్నీ జట్టు ఆటలే. ఒక్కడే నిలబడి గెలవాలన్న పిచ్చి మనకు తర్వాత అంటుకుంది, ర్యాంకుల పుణ్యమా అని. ఆమె అక్కడితో ఆగలేదు.

"మరి ఆ ఆట మా బడిల ఎందుకు లేదు?"

దీనికి మాత్రం వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. అచ్చంపేట దుకాణాల్లో టెన్నిస్ బంతులు కావాల్సినన్ని దొరుకుతాయి, ఎందుకంటే వాటితో క్రికెట్ ఆడతాం. మా ఊళ్లో టెన్నిస్ బంతి అంటే క్రికెట్ సామాను. అసలు మా తాత మాటల్లో బంతి అంటే కళ్లంలో ఎద్దులతో వడ్లు తొక్కించేది. రాకెట్ మాత్రం నేను హైదరాబాద్ వచ్చాకే చేత్తో పట్టుకున్నా. కోర్టు మాట చెప్పనే అక్కర్లేదు. పూర్తి టెన్నిస్ కోర్టు, చుట్టూ పరుగెత్తే జాగాతో కలిపి 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. మన లెక్కలో ఆరున్నర గుంటలు. దాని మీద సింథటిక్ పూత, చుట్టూ కంచె, ఒక కోచ్. నగరంలో అపార్ట్‌మెంట్ క్లబ్బుకు ఇది పెద్ద సంగతి కాదు, మా ఊరి బడికి పెద్ద సంగతే. 1967 దాకా వింబుల్డన్‌లో రాసి పెట్టిన నియమం ఒకటి ఉండేది. మా దగ్గర రాసి లేదు, కానీ జరిగేది అదే. ఇంట్లో ఉన్నవాళ్ల పిల్లలే ఆడతారు.

అయితే ఈ తలుపుకు కూడా ఒక సందు ఉంది. ప్రపంచ టెన్నిస్ సమాఖ్య పదేళ్ల లోపు పిల్లలకు పెద్దల బంతి వద్దని ఎప్పుడో తేల్చేసింది. వాళ్లకు ఎర్ర బంతి ఇస్తారు. అది మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది. కోర్టు పొడవు దాదాపు 11 మీటర్లు చాలు. ఇప్పుడు మీ ఊరి బడి గుర్తు తెచ్చుకోండి. వాలీబాల్ కోర్టు ఉంటుంది కదా? దాని కొలత 18 మీటర్లు, 9 మీటర్లు. ఎర్ర బంతి టెన్నిస్ దాంట్లో సుఖంగా పడుతుంది. నెట్ కిందికి దించి నడుము ఎత్తులో కట్టాలి, లేదంటే తాడైనా చాలు. నేల మట్టిదైనా పర్లేదు, అలికితే ఇంకా మంచిది. పదేళ్లు దాటినవాళ్లకు కూడా మొదటిసారి రాకెట్ పట్టినప్పుడు ఈ బంతే తేలిక. పొద్దున గంట టెన్నిస్, సాయంత్రం వాలీబాల్. సింథటిక్ కోర్టు కోసం ఎదురు చూడక్కర్లేదు.

దీంతో రేపే వింబుల్డన్ ఛాంపియన్ పుడుతుందని నేను అనను. సానియాకు కోచ్‌గా వెంట తిరిగిన నాన్న ఇమ్రాన్ మీర్జా ఉన్నాడు, నగరం ఉంది, ఏళ్ల తరబడి ప్రయాణాల ఖర్చు భరించిన కుటుంబం ఉంది. మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో ఆమె పెట్టిన అకాడమీ ఉంది, కానీ అది కూడా నల్లమల పిల్లకు దూరమే. గెలిచాక కోటి ఇచ్చే ప్రభుత్వాలు ఏవైనా, గెలవక ముందు బడికి పది రాకెట్లు, పీఈటీ సారుకు వారం రోజుల ట్రైనింగ్ ఇవ్వగలవు. ఛాంపియన్‌కు ఇచ్చే డబ్బు ఫొటోలో పడుతుంది. పది రాకెట్ల డబ్బు పడదు. తేడా అంతే. 1877లో ఒక రోలర్ బాగు చేయించడం కోసం మొదలైన పనిని ఇప్పుడు ప్రపంచమంతా కూర్చొని చూస్తోంది. చిన్న ఖర్చును చిన్నచూపు చూడొద్దని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మీలో చాలామంది నాలాగే ఊరు వదిలి నగరంలో ఉద్యోగం చేస్తున్నవాళ్లు. దసరాకు ఎట్లాగూ ఊరికి పోతారు. బట్టల బ్యాగులో కాస్త జాగా ఉంచండి. నేనైతే నాలుగు చిన్న రాకెట్లు, ఒక డజను ఎర్ర బంతులు ఆర్డర్ పెట్టాను. రెండు చాలవా అని డెలివరీ రోజు మా రూమ్మేట్ అడిగాడు. చాలవు. మా అక్క బిడ్డ ఆడబోయేది డబుల్స్.